బట్టల తాడు కట్టిన గొట్టం

ఆదివారం రాత్రి

ముసునూరు వాట్సాప్ గ్రూపులో ఎవరో మా వీధి పాత ఫోటో పెట్టారు. మధ్యాహ్నం అత్తయ్యకు ఫోన్‌లో పెద్దది చేసి చూపించాను. రోడ్డునీ పాకల్నీ ఆవిడ పోల్చుకోలేకపోయారు. వంగిన కొమ్మను బట్టి మా పెరట్లో రసాల చెట్టును మాత్రం వెంటనే పట్టేశారు.

ఫోటోలో ఆ చెట్టు పక్కన ఒక బావి ఉంది.

"ఇప్పుడు మన వంటగది ఉన్నది ఇక్కడే కదమ్మాయ్. బావి పూడ్చేటప్పుడు, దానికి ఊపిరాడాలని మీ మామయ్యగారు పెరట్లోకి గొట్టం పెట్టించారు. దాని మూతి ముయ్యకూడదంటారు."

"ఏ గొట్టం అత్తయ్యా?"

"నువ్వు బట్టల తాడు కడతావే, అదే."

దోమలొస్తున్నాయని పోయిన ఆదివారమే మేస్త్రీ చేత దాని మూతికి సిమెంటు పెట్టించాను. ఆ మర్నాటి నుంచే వంటగదిలో పొయ్యి ముందు నేల చెమ్మగిలుతోంది. సింకు లీకవుతోందేమోనని ప్లంబర్‌ని కూడా పిలిచాను. ఎంత తుడిచినా మళ్ళీ అదే చోట, గుండ్రంగా...

అత్తయ్యకు చెప్పలేదు. సాయంత్రం ఆయన్ని సుత్తి తెమ్మన్నాను. "పిచ్చా నీకు?" అని నవ్వుతూనే కొట్టారు. సిమెంటు పెచ్చు ఊడింది. లోపలి గాలి బుస్సున బయటికొస్తుందనుకున్నాను. రాలేదు. తాడు మీద ఆరేసిన నా చీర కొంగు మెల్లగా గొట్టం వైపు లేచి, దాని మూతికి అతుక్కుంది. గొట్టం లోపలికి పీలుస్తోంది. చాలాసేపు పీల్చింది.

ఆయన నవ్వడం మానేశారు.

పీల్చిన ఊపిరి ఇంకా వదల్లేదు.