పెడల్ మీద కర్ర

తమ్ముడు నడిచాడమ్మా. నాలుగడుగులు. గోడ పట్టుకోకుండా, నిన్న పొద్దున, నా కళ్ళెదుటే.

ఆగలేక ముందు అదే రాసేశాను. చిట్టితల్లికి నాన్న దీవెనలు. ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం. వాడి యాక్సిడెంటు అయ్యాక ఇన్ని నెలల్లో ఈ మాట సగమైనా నిజంగా రాయడం ఇదే మొదటిసారి. అల్లుడుగారూ పాపా కులాసాయే అనుకుంటాను.

నడిపించే నర్సమ్మ చెయ్యి వదిలేసింది. మీ అమ్మ కుర్చీలోంచి లేచి, "పడిపోతాడు, పట్టుకోండి" అంది. వాడు, "అడ్డం తప్పుకో అమ్మా, హారన్ కొట్టమంటావా" అన్నాడు. వార్డంతా నవ్వింది. నేను వరండాలోకి పోయి గోడకు తల ఆనించి ఏడ్చాను. సంతోషమే అనుకున్నారు అందరూ.

నువ్వడిగినవాటికి జవాబులు. మీ అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గింది. రిపేరు షెడ్డు తెరవడం లేదు, తెరవబుద్ధి కావడం లేదు. వాడి కుడి పాదానికి స్పర్శ ఇక రాదట, డ్రైవింగ్ మాట మరిచిపొమ్మన్నాడు డాక్టరు. వాడికి వచ్చిన పని అదొక్కటే.

ఆఖర్న అడిగావు, "వ్యాను బ్రేకుల్లో గాలి తీసినప్పుడు పెడల్ ఎవరు తొక్కారు నాన్నా?" అని. పోయిన ఉత్తరంలో ఆ జవాబు ఎగ్గొట్టాను. ఎవరూ తొక్కలేదమ్మా.

నీ పెళ్ళయ్యేదాకా నువ్వు సీట్లో, నేను చక్రం దగ్గర. "పట్టు" అంటే తొక్కిపట్టి, గాలి పోయే నిప్పుల్‌ని నేను మళ్ళీ బిగించేదాకా కాలు తీసేదానివి కాదు. ఆ రోజు వాడు, "నేను తొక్కుతా నాన్నా" అన్నాడు. "నువ్వు ఫోన్ చూస్తూ మధ్యలో వదిలేస్తావు. నీకంటే కర్ర నయం, పో" అన్నాను. సీటుకీ పెడల్‌కీ మధ్య కర్ర బిగించాను. నిప్పుల్ వదులు చేయగానే పెడల్ దిగింది, కర్ర జారిపోయింది, పెడల్ పైకి లేస్తూ పోయిన గాలిని మళ్ళీ లోపలికి లాక్కుంది.

తెలియక కాదు. ఎక్కి తొక్కి చూశాను. మొదటి తొక్కుడు మెత్తగా నేల దాకా పోయింది, లోపల గాలి ఉన్నట్టే. మూడోసారికి గట్టిపడింది. మొదటిదాన్నే నమ్మాలని నీకు నేర్పినవాణ్ణి, మూడోదాన్ని నమ్మాను. వాడి ముందు పని మళ్ళీ మొదలుపెట్టడం నామోషీ అనిపించింది. "బ్రేకులు రాయిలా ఉన్నాయి, వెళ్ళరా" అని తాళం చేతికిచ్చాను. పల్లం దిగేటప్పుడు వాడికి ఒక్క తొక్కుడికే టైము దొరికింది.

వాడేమో అందరితోనూ "నేనే స్పీడుగా పోయాను" అంటున్నాడు. నన్ను దాస్తున్నాడో, నిజంగానే అలా అనుకుంటున్నాడో అడిగే ధైర్యం నాకు లేదు. నిన్న నాలుగో అడుగు నావైపే వేసి నా భుజం పట్టుకున్నాడు తల్లీ. ఎంత సంతోషమో రాయలేను. ఆ సంతోషం గొంతు దిగడం లేదు.

ఇట్లు,
నీ నాన్న

ఈ కబురు, కింది సగంతో సహా, మనవాళ్ళందరికీ నువ్వే చెప్పు. స్పీడుకి తగిన శాస్తి జరిగిందన్న పెదనాన్నకి ముందు చెప్పు. తరువాత మేనత్తకి, చిన్నమామయ్యకి, బాబాయి పిల్లలిద్దరికీ. మీ అత్తగారికి కూడా, నా పరువు చూడకు. తమ్ముడికి మాత్రం చెప్పకు. వాడికి నేను చెప్పాలి.