గంగారం ఎత్తుకు డీజిల్ బండే

సోని నాయినా,

పొయ్యి మీద పప్పు ఉంది, తిని గోలీ వేసుకో. నేను మరిపెడ పోతున్నాను. మనం కొనే సరుకు బండి డీజిల్‌దే అని అమ్మేవాళ్లకు మాట ఇచ్చి వస్తాను.

నిన్న నువ్వూ మీ తమ్ముడు జగనూ పొద్దంతా వాదించుకున్నారు. "పెట్రోల్‌దైతే రిపేర్లు తక్కువనే" అని అతనంటే నువ్వు తలూపావు. నీ విరిగిన కాలు అతికేదాకా నడిపేది నేను. నీ పెండ్లాన్ని, నన్నొక్క మాట అడగలేదు.

మొన్న జగన్ ఎవరినో అడిగి తెచ్చిన పెట్రోల్ బండి నేను నడుపుతుంటే మిర్చి బస్తాలతో గంగారం ఎత్తు మీద ఆగిపోయి, వెనక్కి జారింది. వెనక వస్తున్న కూలీలు రాళ్లు అడ్డం వేసి ఆపారు. నువ్వు పరేషాన్ అవుతావని చెప్పలేదు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. సుమనక్క వాళ్ల డీజిల్ బండి అదే బరువుతో ఆగకుండా ఎక్కింది.

జమున

"ఆడమనిషి గంత పెద్ద బండి నడుపుతదా" అని జగన్ అంటే, "నడుపుతది, నేనే నేర్పిన" అని చెప్పు.