తెర మీద ఏడ్చింది నేనే

పాస్టరు గారికి వందనాలు. మొన్న ఆదివారం మా వదినతో, మా పాపతో కలిసి మీ మందిరానికి కొత్తగా వచ్చిన దర్జీని నేను.

ఆ రోజు మీరు కష్టాల గురించి ప్రసంగిస్తూ, ఒక వరద ఫోటో తెర మీద వేశారు. అందులో ఒక స్త్రీ బురదలో కూలబడి, గుండెలు బాదుకుంటూ ఏడుస్తోంది. "ఈమెకు ఇక ఎవరున్నారు?" అని మీరు అడిగితే అందరూ కళ్లు తుడుచుకున్నారు.

అయ్యా, ఆవిడ నేనే. ఏడేళ్ల కిందటి మాట. నా కళ్లలోనూ నీళ్లు తిరగడం చూసి, పక్కన కూర్చున్న పెద్దావిడ రుమాలు అందించింది. "ఊరుకోమ్మా, పాపం ఆ తల్లి ఇప్పుడు ఏ లోకాన ఉందో!" అంది. నవ్వు ఆగక, దగ్గు వచ్చినట్టు నటించాను.

మా పాప మాత్రం నన్ను పోల్చుకుంది. ఇంటికి రాగానే, "అమ్మా, నువ్వంతలా ఏడుస్తుంటే ఎవరూ రాలేదా?" అని అడిగింది. ఆ రాత్రి పాప అన్నం కూడా సరిగా తినలేదు.

వచ్చారు పాస్టరు గారూ. ఆ ఫోటో తీసిన అరగంటకే మా వదిన పడవలో వచ్చింది. నీళ్లలో కొట్టుకుపోయిందని నేను ఏడ్చిన నెలల బిడ్డ, ఆమె ఒడిలో హాయిగా నిద్రపోతోంది. ఆ బిడ్డే మా పాప.

దయచేసి ఆ ఫోటో ఇంకెప్పుడూ వేయకండి. వచ్చే ఆదివారం మేం ముగ్గురం రెండో వరుసలో కూర్చుంటాం. పిలిస్తే ఆ తర్వాతి అరగంట సంగతి మేమే చెబుతాం. కాకపోతే మా పాప మైకు పట్టుకుంటే వదలదు. ఆ పూట మీ ప్రసంగం కాస్త కుదించుకోవాల్సి వస్తుంది.