ట్రైనర్ చూపిన ఉదాహరణ

బుధవారం, హోసూరు

ఈరోజు ఫ్యాక్టరీలో ట్రైనింగ్. మనిషి చేత ఇష్టంగా పని చేయించేది ఏమిటన్నది పాఠం. ట్రైనర్ నన్ను లేపి నిలబెట్టి, భార్య పోయాక ఒక్క సెలవు కూడా పెట్టని ఇతన్ని చూసి నేర్చుకోండి అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. సరోజ లేని ఇంట్లో పగలు ఉండలేక పనికి పోతున్నానని వాళ్ల పాఠంలో ఉండదు.

సాయంత్రం మా లైన్‌లో పనిచేసే మునిరాజు మేనేజర్‌ను సెలవు అడిగాడు. రేపు కృష్ణగిరి ఆసుపత్రిలో అతని భార్యకు ఆపరేషన్. మేనేజర్ నన్ను చూపించాడు.

"ఆయప్పను చూడు. పెండ్లాం పోయినా డ్యూటీకి వస్తా ఉండాడు. నీకేమప్పా?"

మునిరాజు తల వంచుకునే అన్నాడు. "వదినమ్మ పోయింది సార్. నా పెండ్లాం ఇంకా ఉండాది."

రేపు అతని షిఫ్టు కూడా నేనే చేస్తానన్నాను.

"చూసినావా, టీం స్పిరిట్ అంటే ఇదే" అని మేనేజర్ నా భుజం తట్టాడు. వచ్చే ట్రైనింగ్‌లో ఇది కూడా చెబుతారు.

మునిరాజు నాకు దండం పెట్టి బస్సుకు పరుగెత్తాడు. రేపు ఈ ఇంట్లో గడపాల్సిన పూట ఒకటి తగ్గింది. దండం నేను పెట్టాల్సింది.