చర్మాన్ని లెక్కలో వేయనందుకు

కార్మిక ఆరోగ్య తనిఖీ అధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: సాల్వెంట్‌పై నేనిచ్చిన అంచనా పత్రమును రద్దు చేసి, ఒక కార్మికురాలిపై నేను రాసిన వ్యాఖ్యను కొట్టివేసి, నాపై చర్య తీసుకొనుట గురించి.

యంత్రభాగాల కర్మాగారపు ఆరోగ్య విభాగంలో పదకొండేళ్లుగా పనిచేయుచున్న నేను మనవి చేసుకొనునది:

1. జిడ్డు వదలగొట్టే సాల్వెంట్ మనిషి ఒంట్లోకి ఎంత చేరుతుంది, కాలేయం దాన్ని ఎంత వేగంగా మారుస్తుంది, మూత్రంలో ఎప్పటికి బయటికి పోతుంది అని ముందే అంచనా కట్టడం నా ఉద్యోగం. "మర్నాటి ఉదయానికి దాదాపు అంతయు పోవును" అని నేను సంతకం చేసిన పత్రాన్ని నమ్మియే తమరు దాని వాడకమునకు అనుమతి మంజూరు చేసియున్నారు.

2. యంత్రభాగాలను సాల్వెంట్‌తో తుడిచే తుడుపు విభాగంలోని ఒకామెకు ఉదయపు మూత్ర పరీక్షలో, వరుసగా మూడు వారాలు, నా అంచనాకు నాలుగింతలు వచ్చినది. తప్పు నాదేమోనన్న అనుమానమే రాలేదు. మద్యం తాగితే కాలేయం ఈ పనిలో మందగిస్తుందని చదివియుంటిని. కావున "మద్యపానపు అలవాటు ఉన్నట్లు తోచుచున్నది" అని రాసితిని.

3. ఆమె నా గదికి వచ్చింది. "సార్, నా జన్మలో దాని మొహం చూడలేదు. కావాలంటే నా నోరు వాసన చూడండి" అంటూ బల్ల మీదకు వంగింది. నేను కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. "లెక్క అబద్ధం చెప్పదమ్మా" అన్నాను. ఆమెను పనిలోంచి ఆపేశారు. కారణం నోటీసు బోర్డు మీద పెట్టారు.

4. కిందటి వారం తుడుపు విభాగానికి వెళ్లాను. పదకొండేళ్లలో అదే మొదటిసారి. ఆమె స్థానంలో వచ్చిన మనిషి ఉత్త చేతులతో గుడ్డ ముంచి, పిండి, తుడుస్తోంది. మణికట్ల దాకా తడి.

"చేతులు మండవా?" అన్నాను.

"మొదట్లో మండేవి సార్. ఇప్పుడు తెలీట్లేదు" అంది.

అయ్యా, నా లెక్కలో ఊపిరి ఉంది, చర్మం లేదు. తిరిగొచ్చి చర్మంలోంచి ఇంకేది కూడా కలిపి మళ్లీ కట్టాను. ఆ మూడు వారాల అంకెలూ అచ్చంగా అలాగే వచ్చాయి. ఆమె కాలేయం శుభ్రంగా పనిచేస్తోంది. పనిచేయనిది నేను.

5. కావున నా పత్రమును రద్దు చేసి, ఆ విభాగంలో అందరికీ నేడే గ్లవుజులు ఇప్పించి, వ్యాఖ్యను తొలగించి, ఆమెను తిరిగి పనిలోకి తీసుకొనునట్లు ఉత్తరువు చేయ ప్రార్థన. నాకు విధించు శిక్ష విషయమై నాకు అభ్యంతరము లేదు.

ఇందులో ఒక్క మాటయు దాచలేదని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఆరోగ్య విభాగపు గణకుడు

తా.క.: ఆమె ఇంటికి వెళ్లి క్షమించమన్నాను. "సరే సార్" అంది. మళ్లీ, "మా ఆడపడుచుకి కూడా చెప్తారా? మా ఇంటికొచ్చి మందు సీసా కోసం అలమరలన్నీ వెతికింది. నేను చెబితే నమ్మదు" అంది. ఆ ఆడపడుచు ఇంటికీ వెళ్లాను. ఆవిడ తలుపు తీసి "ఎవరు కావాలండీ?" అంది. "ఇల్లు పొరపాటు పడ్డానండీ" అని చెప్పి వచ్చేశాను. ఉత్తరువు మీద ముద్ర కాస్త స్పష్టంగా వేయించండి సార్. చేతిలో అది ఉంటే గాని నాకు నోరు పెగలదు.