ఫోటోలో మిగిలిన జూకా

చెల్లీ సత్యవతీ,

ఇవాళ నీ తద్దినం. గారెలు గట్టిగా వచ్చాయి. నువ్వుంటే మీ వదినని ఓ పట్టాన వదిలేదానివి కాదు.

నా కూతురు లావణ్య హైదరాబాద్‌లో జెండర్ స్టడీస్ ఎం.ఏ. చదువుతోంది. సత్తిబాబుగా పుట్టి సత్యవతిగా బతికిన నీ గురించే థీసిస్ రాస్తుందట. "అది చదివితే ఏం ఉద్యోగం వస్తుందండీ?" అని ఊళ్ళో అడుగుతున్నారు. "ఏమోనండీ, మా ఇంట్లో సత్యని అత్తా అన్నది అదొక్కతే" అంటున్నాను.

"అత్త ఫోటో కావాలి నాన్నా" అంది. గోడమీది ఫోటో చూపించాను. అందులో నీకు చొక్కా, మీసం ఉన్నాయి.

ధవళేశ్వరం కాలవలో నువ్వు దొరికిన రోజు, గట్టుమీది నీ సంచిలో చీరకట్టుకున్న ఫోటో ఒక్కటే ఉంది. నాన్న దాన్ని పాలకొల్లులో స్టూడియోకి పట్టుకెళ్ళి, "చీర తీసి చొక్కా వెయ్యండి, మీసం పెట్టండి" అన్నాడు. తర్వాత అసలు ఫోటోని పొయ్యిలో పెట్టాడు. మీసం మాత్రం నాకన్నా నీకే బాగా కుదిరింది.

లావణ్య ఫోటో దింపి, దండ తీసి, కిటికీ దగ్గర పెట్టి చూసింది.

"నాన్నా, చెవికి జూకా ఉంది!"

నిజమే. స్టూడియో ఆయన అదొక్కటీ తీయడం మర్చిపోయాడు. ఇన్నేళ్ళూ దండ దాన్ని కప్పేసింది.

"చెరిపించెయ్యరా, ఎవరైనా చూస్తారు" అంది అమ్మ మంచంమీంచి.

"చూడనీ నాన్నమ్మా" అంటూ లావణ్య ఆ చెవి మటుకు ఫోన్లో ఫోటో తీసుకుంది. థీసిస్ మొదటి పేజీలో అదే పెడుతుందట.

సాయంత్రం నిన్ను మళ్ళీ మేకుకి తగిలించాను. ఈసారి దండ వెయ్యలేదు.

అన్నయ్య