తగ్గిన తర్వాత ఎక్కడికి?

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ పిల్లా నేనూ బాగానే ఉన్నాం. ఓడ మీద మీరూ అలాగే ఉన్నారని నమ్ముతున్నాను. చిన్నదాని దగ్గు ఎలా ఉందని అడిగారు. దగ్గు తగ్గింది, అల్లరి మాత్రం తగ్గలేదు. "నాన్న ఓడకి చక్రాలు పెట్టొచ్చుగా, వీధిలోకే వచ్చేస్తారు" అంటోంది.

వార్డులో పని తేలికపడిందా అని కూడా అడిగారు. లేదండీ. జ్వరాలు విరుచుకుపడ్డాయి. మంచాలు చాలక వరండాలో నేల మీదే పడుకోబెట్టి, సెలైన్ సీసాలు కిటికీ ఊచలకు కట్టి ఎక్కిస్తున్నాం. ఇలాంటప్పుడు బట్టలు కుట్టుకుని బతికే ఒక పెద్దావిడ, విరిగిన తుంటి ఎముక అతుక్కున్నా, మంచం వదలకుండా ఉండిపోయింది. ఆవిడకు నా అన్నవాళ్లు లేరు. ఉంటున్న అద్దె గదిని యజమాని వేరేవాళ్లకిచ్చేశాడు.

పెద్ద డాక్టరుగారు నన్ను పిలిచి, "సిస్టర్, ఇది ఆసుపత్రమ్మా, సత్రం కాదు" అన్నారు.

"మొదట్లో సత్రమే కదండీ" అనేశాను. మా చదువులో చెప్పారు. పూర్వం చాలాచోట్ల దిక్కులేనివాళ్లు తలదాచుకోవడానికే ఆసుపత్రులు పుట్టాయట. ఉన్నవాళ్ల ఇంటికి వైద్యుడే వెళ్లేవాడు. మత్తుమందు, శుభ్రమైన ఆపరేషన్ గదులు వచ్చాకే వాళ్లూ ఆసుపత్రి గడప తొక్కారు.

ఆయన కోప్పడలేదు. నన్ను వరండాలోకి తీసుకెళ్లి, నేల మీద వణికిపోతున్న నిండు గర్భిణిని చూపించి, "మరి ఈవిడకేం చెప్పమంటావు?" అన్నారు. పెద్దావిడ డిశ్చార్జి కాగితం నా చేత్తోనే రాశాను.

ఆవిడ దువ్వెన, కళ్లజోడు మూటకట్టుకుని, చేతికర్ర ఊతంతో గేటు దాకా నడిచి ఆగిపోయింది. ఎటు తిరగాలో ఆవిడకు తెలియలేదు.

ఇంతసేపూ చెప్పడానికి జంకుతున్నది ఇదే. ఆవిడను మనింటికి తెచ్చేశాను. మీ గదిలోనే పడుకుంటోంది. మిమ్మల్ని అడగకుండా చేశాను, కోపమొస్తే నన్నే తిట్టండి. చిన్నది అప్పుడే "అమ్మమ్మా" అంటూ వెనకే తిరుగుతోంది. ఆవిడ మాత్రం పొద్దున్నే పక్క చుట్టేసి, "ఇక వెళ్లమంటావా అమ్మా?" అని అడుగుతుంది.

మంచి పనే చేశాననుకున్నాను. నిన్న వార్డులో ఇల్లూ వాకిలీ లేని ఒక తాత కాలి పుండుకి కట్టు మారుస్తుంటే, ఆయన మెల్లగా అడిగాడు: "సిస్టరమ్మా, మీ ఇంట్లో ఇంకో గదుందా?"

నవ్వుతూనే అడిగాడండీ. నేనే నవ్వలేకపోయాను. పుండు చక్కగా మానుతోంది. ఇంకొన్నాళ్లు మానకపోతే బాగుండుననిపించింది. నర్సుకి రావలసిన ఆలోచనేనా అది?

ఇట్లు,
మీ జవాబు కోసం చూసే
మీ ఇల్లాలు